ఒక డాలరుకి వదిలిన మా ఓర్లాండో వారం: నా అనుభవం

టైమ్‌షేర్, అంటే రిసార్ట్‌లో ఏడాదికో వారం ఉండేందుకు కొనుక్కునే హక్కు, దాన్ని ఎలా వదిలించుకున్నావని ఈమధ్య ముగ్గురు అడిగారు. ముగ్గురూ మనవాళ్ళే, ముగ్గురూ పిల్లలకి డిస్నీ చూపిద్దామని వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళే. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నా.

మాది 2013 డిసెంబర్ కథ. డాలస్ నుంచి ఓర్లాండో వెళ్ళాం, పాపకి అప్పుడు నాలుగేళ్ళు. టైమ్‌షేర్ గురించి చెప్పేది 90 నిమిషాలు కూర్చుని వింటే రెండు డిస్నీ టికెట్లు దాదాపు ఊరికే ఇస్తామన్నారు. ఆ 90 నిమిషాలు నాలుగున్నర గంటలయ్యాయి. సేల్స్‌మన్ కాగితం మా వైపు తిప్పి పెట్టి, తను మాత్రం తలకిందులుగా అంకెలు రాసుకుంటూ పోయాడు, ఒక్క అంకె వంకర పోలేదు. నేను ఆ విద్యని చూస్తూ కూర్చున్నాను కానీ రాస్తున్న లెక్క చూడలేదు. ఇరవై ఏళ్ళు హోటళ్ళకి ఎంత పోస్తారు, అదే మాకిస్తే ఎంత మిగులుతుంది, ఇదీ ఆ లెక్క. పక్క టేబుల్ వాళ్ళు కొన్నారని షాంపేన్ సీసా ఢామ్మని తెరిచారు, అందరూ చప్పట్లు. అంతలో మేనేజర్ వచ్చి 29 వేలని 18,400కి దించాడు. మా ఆవిడ తెలుగులో మెల్లగా "వద్దండీ, ఇంటికెళ్ళి ఆలోచిద్దాం" అంది. నేనేమో "ఇవాళ ఒక్కరోజేనట" అన్నాను. పది శాతం అక్కడే కార్డు గీకి, మిగతాది 14.9 శాతం వడ్డీకి పదేళ్ళ అప్పు.

ఫ్లోరిడాలో అయితే సంతకం పెట్టిన పది రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. చట్టం ఆ హక్కు ఇచ్చింది, మనం వదులుకుంటామన్నా చెల్లదు. కాగితం మీద రాసి పంపాలి, అంతే. ఆ మాట కాంట్రాక్టులో సరిగ్గా నా సంతకానికి పైనే ఉంది. నేను చదివింది నాలుగు నెలల తరవాత. ఇది చదువుతున్న మీరు పోయిన వారమే కొని ఉంటే ఇక్కడితో ఆపి ముందు ఆ ఉత్తరం రాసి పోస్ట్ చేయండి. మిగతాదంతా ఆ గడువు దాటిపోయినవాళ్ళకి.

కొన్న సంగతి మా నాన్నకి చెప్తే, ఆయన నరసరావుపేట నుంచి ఫోన్లోనే, "సెంటు ఎంత పడిందిరా?" అన్నారు. సెంట్లు కాదు నాన్నా, ఏడాదికో వారం, అక్టోబర్‌లో, దస్తావేజు కూడా ఇస్తారు అన్నాను. మిగతా 51 వారాలు ఎవరుంటారని అడిగితే మిగతావాళ్ళు అని చెప్పాను. కాసేపాగి, "అంటే కాలవ నీళ్ళ వంతు లాంటిదన్నమాట. మరి తీరువా ఎంత?" అన్నారు. నాలుగున్నర గంటల్లో నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. తీరువా అంటే మెయింటెనెన్స్ ఫీజు. 2014లో 720 డాలర్లు, 2022 వచ్చేసరికి 1,290. వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి, కోవిడ్ ఏడాది కూడా కట్టాం. తొమ్మిదేళ్ళలో మేము వెళ్ళింది నాలుగుసార్లు.

అప్పు 2017లో బోనస్ రాగానే తీర్చేశాను. అప్పు మిగిలుండగా ఈ సరుకుని ఎవరూ ముట్టుకోరు, అందుకే ముందు చెప్తున్నా. 2019లో 9,000కి అమ్మకానికి పెట్టాను. సగం ధర కదా, ఎగరేసుకుపోతారనుకున్నా. మూడు నెలల్లో ఒక్క ఫోన్ రాలేదు. 5,000 చేశాను, 2,500 చేశాను. ఆ తరవాత గానీ ఈబేలో నిజంగా అమ్ముడైనవాటి ధరలు చూడాలన్న బుద్ధి పుట్టలేదు. మా బిల్డింగే, అదే సైజు, 1 డాలరు. దాని కింద ఇంకోటి 1 డాలరు, వేలం పాడినవాళ్ళు సున్నా. ఆ రాత్రి మా ఆవిడకి ఏమీ చెప్పకుండా పడుకున్నాను. ఆలోచిస్తే న్యాయమే మరి. కొనేవాడికి నా వారంతో పాటు నా తీరువా కూడా వస్తుంది. నేనిచ్చిన 18,400లో షాంపేనూ, డిస్నీ టికెట్లూ, తలకిందుల రాతగాడి కమిషనూ అన్నీ కలిసే ఉన్నాయి, అవి తిరిగి ఎవడిస్తాడు?

అమ్మకానికి పెట్టాక మామూలు ఫోన్లు రాలేదు కానీ వేరే రకం ఫోన్లు మొదలయ్యాయి. 2021 మార్చిలో ఒకాయన చాలా మర్యాదగా, మెక్సికోలో ఒక కంపెనీ తన ఉద్యోగుల విహారాలకని మీ వారం 24,500కి కొంటుంది అన్నాడు. నా యూనిట్ నంబరు, వారం నంబరు, కొన్న తేదీ గడగడా చెప్పేశాడు. దస్తావేజులు కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చని అప్పటికి నాకు తట్టలేదు. గద్ద బొమ్మ ముద్రతో కాంట్రాక్ట్ పంపాడు. ముందుగా 1,985 డాలర్లు అక్కడి పన్ను కింద వైర్ చేయాలి, అమ్మకం అయ్యాక అదీ వెనక్కి వస్తుంది. నవ్వకండి, నేను బ్యాంకు యాప్ తెరిచాను. రెండేళ్ళుగా ఒక డాలరు చూసి చూసి ఉన్నవాడికి 24,500 అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ఆదివారం నాన్నతో మాటల్లో ఈ సంగతి వచ్చింది. "ఒరేయ్, మన పొలం అమ్మినప్పుడు బయానా ఎవరిచ్చార్రా? కొన్నాయన ఇచ్చాడు. అమ్మేవాడు బయానా ఇవ్వడం నేనెక్కడా వినలేదు" అన్నారు. మర్నాడు ఆ మెక్సికో బేరం తెచ్చినాయనకి ఫోన్ చేసి, ఆ 1,985 నాకు రావాల్సిన సొమ్ములోంచే పట్టుకోండి అన్నాను. మర్యాద ఒక్కసారిగా మాయం. ఫెడరల్ చట్టం ఒప్పుకోదన్నాడు, పెద్ద బేరం చేజేతులా పోగొట్టుకుంటున్నావన్నాడు, రెండ్రోజుల తరవాత ఆ నంబరే పనిచేయలేదు. 2023లో అమెరికా ట్రెజరీ వాళ్ళు, హలిస్కో డ్రగ్ ముఠా తరఫున టైమ్‌షేర్ మోసాలు చేస్తున్నాయని ఎనిమిది మెక్సికో కంపెనీల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఆ వార్త మొత్తం చదివాను. నాకు ఫోన్ చేసింది వాళ్ళో కాదో నాకు తెలీదు, కథ మాత్రం అచ్చం ఇదే.

వదిలిస్తామనే ఎగ్జిట్ కంపెనీ ఒకదాని మీటింగ్‌కి కూడా వెళ్ళాం. మళ్ళీ హోటలే, మళ్ళీ కాఫీ, మళ్ళీ ఇవాళొక్కరోజే ఆఫర్, ముందు 4,800 కట్టాలి. ఈసారి మా ఆవిడ చేయి పట్టుకుని లేపింది.

రిసార్ట్ వాళ్ళనే తిరిగి తీసుకోమని అడగడం అసలు మొదట చేయాల్సిన పని, నేను ఆఖరికి చేశాను. చాలా కంపెనీలు అప్పు లేకపోతే, ఫీజు బకాయి లేకపోతే దస్తావేజు వెనక్కి తీసుకుంటాయి, కాకపోతే ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మొదటిసారి ఫోన్ చేస్తే ఇంకో 12,000 కడితే వారం బదులు పాయింట్ల పద్ధతికి మారుస్తామన్నారు! మూడోసారి ఒకావిడ, పాపం, ఉన్నమాట చెప్పింది, మీ బిల్డింగ్‌లో ఇప్పుడు తీసుకోవడం లేదని. కట్టడం మానేద్దామా అనుకున్నాను గానీ, ఫోర్‌క్లోజర్ (బాకీ కింద జప్తు) దాకా పోతే క్రెడిట్ దెబ్బతింటుంది, మాకేమో అప్పుడే ఇల్లు రీఫైనాన్స్ నడుస్తోంది.

చివరికి టగ్ అని, టైమ్‌షేర్లున్నవాళ్ళ కోసం 1993 నుంచి నడుస్తున్న సంఘం ఒకటుంది, దాని వెబ్‌సైట్‌లో ఊరికే ఇచ్చేసేవాటికి వేరే చోటుంది. అక్కడ పెట్టాను. ట్రాన్స్‌ఫర్ ఖర్చులన్నీ నావే, వచ్చే ఏడాది ఫీజు కూడా నాదే, మీరు ఇవ్వాల్సింది 1 డాలరు. వారంలో నలుగురు రాశారు. వాళ్ళలో కుదిరింది కరోలినా నుంచి కారేసుకుని ఏటా ఓర్లాండో వెళ్ళే రిటైరైన దంపతులు, వాళ్ళకి అక్టోబరే కావాలట. ఇదంతా 2022 సెప్టెంబర్.

ఇక అయిపోయిందనుకుంటే అప్పుడు మొదలైంది అసలు పని. దస్తావేజు నేనే రాసుకోవచ్చని కొందరన్నారు, నేను మాత్రం ఈ కాగితాల పనులన్నీ చూసే క్లోజింగ్ కంపెనీకే ఇచ్చాను, మంచిపని చేశాను. వాళ్ళు రిసార్ట్ నుంచి బకాయిల్లేవని ఎస్టాపెల్ లెటర్ తెప్పించాలి, దానికి మూడు వారాలు. అదే ధరకి ముందు కొనుక్కునే హక్కు రిసార్ట్‌కి ఉంటుంది, వద్దని చెప్పడానికి వాళ్ళు నెల తీసుకున్నారు. ఒక డాలరు వస్తువుని వద్దనడానికి నెల!

తరవాత మా ఆవిడ పేరు దగ్గర ఆగింది. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలుసు. తన పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అందుకని వీసాలో మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలీదు) అని వేసి, అసలు పేరు ఇంటిపేరు చోట వేశారు. డ్రైవింగ్ లైసెన్స్‌లో అదే, 2013 దస్తావేజులో అదే. ఆ తరవాత పాస్‌పోర్టు రెన్యూవల్‌లో మా ఇంటిపేరు చేర్చారు, ఎఫ్‌ఎన్‌యూ పోయింది. ఇప్పుడు తన దగ్గరున్న ఏ కార్డుకీ దస్తావేజులో పేరుకీ పొంతన లేదు. క్లోజింగ్ కంపెనీ అమ్మాయి "ఈ ఎఫ్‌ఎన్‌యూ ఎవరు, మీ మొదటి భార్యా?" అని అడిగింది, హాస్యానికి కాదు, నిజంగానే. పాత పాస్‌పోర్టు, పాత లైసెన్స్ కాపీ, మ్యారేజ్ సర్టిఫికెట్ అన్నీ పంపి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఇచ్చి, కొత్త దస్తావేజులో రెండు పేర్లూ రాయించాం. ఈ పనికి 16 రోజులు. పాత పాస్‌పోర్టులు పారేయకండి.

ఫ్లోరిడా దస్తావేజుకి నోటరీతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. మా బ్యాంకులో నోటరీ చేస్తాం గానీ సాక్షుల్ని ఇవ్వమన్నారు. ఇంటికొచ్చే నోటరీని పిలిచి, పక్కింటి దంపతులని సాక్షులుగా పెట్టుకుంటే, వాళ్ళకి మా ఆవిడ పెసరట్లు వేసింది. నోటరీ ఆయన కూడా రెండు తిన్నాడు.

డిసెంబర్‌లో ఆరెంజ్ కౌంటీలో రిజిస్టర్ అయింది. జనవరిలో మళ్ళీ నా పేరునే బిల్లు వచ్చింది, నేను ముందే కట్టిన ఫీజుకి! కౌంటీలో ఎక్కింది కానీ రిసార్ట్ పుస్తకాల్లో మారలేదు. మూడు ఫోన్లు, రికార్డైన దస్తావేజు కాపీ రెండుసార్లు పంపితే ఫిబ్రవరిలో మార్చారు. కొన్నవాళ్ళకి స్వాగతం ఉత్తరం అందిందని వాళ్ళు చెప్పేదాకా నాకు టెన్షన్ పోలేదు. నష్టాన్ని టాక్స్‌లో చూపించుకోవచ్చేమోనని మా టాక్సులు చూసే సీపీఏని అడిగితే, సొంతానికి వాడుకున్నది కాబట్టి కుదరదన్నాడు.

క్లోజింగ్ స్టేట్‌మెంట్ ఇప్పటికీ దాచాను. క్లోజింగ్‌కి 475, రిసార్ట్ ట్రాన్స్‌ఫర్ ఫీజు 250, వచ్చే ఏడాది మెయింటెనెన్స్ 1,318, స్టాంపు డ్యూటీ 70 సెంట్లు. నా వైపు జమ 1 డాలరు. నేను కట్టింది 2,042 డాలర్ల 70 సెంట్లు.

నాన్నకి ఫోన్ చేసి అమ్మేశానని చెప్పాను. ఎంతకి అన్నారు. ఒక డాలరుకి అన్నాను.

"పైకం ముట్టిందా?"

ఖర్చుల్లో పట్టుకున్నారని చెప్పాను.