మీరు ఏ క్రిస్టియన్లు?

పెన్సిల్వేనియాలో పిల్లల క్యాంపుకి వాలంటీరుగా వెళ్ళాలంటే ముందు మనం ప్రమాదకరమైన మనుషులం కాదని రుజువు చూపించాలి. పిల్లల్ని వేధించిన రికార్డు లేదని ఒక కాగితం, రాష్ట్ర పోలీసుల దగ్గర కేసులు లేవని ఇంకొకటి. పదేళ్ళుగా ఈ రాష్ట్రంలోనే ఉంటున్నవాళ్ళు కాకపోతే ఎఫ్‌బీఐకి వేలిముద్రలు కూడా ఇవ్వాలి. నాకు దీనికి తోడు హెచ్‌1బీ టెన్షన్. ఈ వీసా మీద కంపెనీ తప్ప ఇంకెవరి దగ్గరా జీతానికి పనిచేయకూడదు. అందుకని పెట్రోలు డబ్బులిస్తామన్నా వద్దన్నాను. ఇండియా వెళ్ళడానికి దాచుకున్న సెలవుల్లోంచి ఒక వారం తీసి, పొకొనో కొండల్లో తొమ్మిది, పదేళ్ళ మగపిల్లల్ని చూసుకోవడానికి వెళ్తున్నానంటే మా ఆవిడ "ఆఫీసులో పని తక్కువైందా?" అంది.

భక్తి పొంగి వెళ్ళలేదు. మా అపార్ట్‌మెంట్ వెనక ఒక చిన్న బాప్టిస్టు చర్చి ఉంది. అందరూ ముసలివాళ్ళే. ఆ ఏడాది పిల్లలతో వెళ్ళడానికి మగవాళ్ళు దొరకలేదని పాస్టర్ గారు అడిగితే కాదనలేకపోయాను, అంతే.

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల తెలుగు ఫెలోషిప్పులు లేక ఆ చర్చికి వెళ్ళడం లేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకరి ఇంటి బేస్‌మెంట్లో జరిగే తెలుగు ఆరాధనకే వెళ్ళేవాణ్ణి. మంచివాళ్ళు. ఎయిర్‌పోర్టుకి కారు పంపారు, పాత మంచం ఇచ్చారు, ప్రాజెక్టు అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు నా రెజ్యూమే పదిమందికి పంపారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఒక పెద్దాయన ఆప్యాయంగా అడిగారు: "మీరు ఏ క్రిస్టియన్లు, బాబూ?"

ఆయన అడిగింది బాప్టిస్టులా, లూథరన్లా అని కాదు. తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న విడమరచి చెప్పక్కర్లేదు. రెడ్డి క్రిస్టియన్లున్నారు, కమ్మ క్రిస్టియన్లున్నారు. ఆ తర్వాత మేమున్నాం. "ఒంగోలు దగ్గరండి, బాప్టిస్టులం" అన్నాను. ఆయనకి అది చాలు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇళ్ళకి పిలవడం మాత్రం తగ్గింది.

ఆఫీసులో ఇది వేరేగా ఉంటుంది. అక్కడ నేను క్రిస్టియన్నని కూడా ఎవరికీ తెలియదు. నా పేరు అలాంటిది. మా బంధువుల్లో చాలామంది సర్టిఫికెట్లో హిందువులు, ఆదివారం క్రైస్తవులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు గానీ క్రైస్తవుడని రాసుకుంటే ఇప్పటికీ పోతుంది. మా నాన్న మొండిమనిషి. స్కూల్లో నా మతం క్రైస్తవం అని రాయించాడు. దాంతో నేను బీసీ-సీ కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌లో పడ్డాను. "దేవుడి ముందు ఒకటి, ఎమ్మార్వో ముందు ఒకటి చెప్పలేను" అనేవాడు. ఇంజనీరింగ్ సీటు వెతుక్కునే రోజుల్లో ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది.

క్యాంపులో మొదటి రోజే అందరూ నన్ను కలుపుకున్నారు. అది నాకంత గొప్పగా అనిపించలేదు. నా గురించి ఏమీ తెలియనివాళ్ళు నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడంలో ఏముంది? వాళ్ళకి నేను ఇండియన్ని, అంతవరకే.

పని మాత్రం ఊపిరి సలపనిచ్చేది కాదు. పిల్లల ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ఒక పెద్దవాడు ఒక పిల్లవాడితో ఎక్కడా ఒంటరిగా ఉండకూడదు, కాబట్టి నాకు తోడుగా ఒక కాలేజీ కుర్రాడు. చెరువులో దిగేముందు ఈత పరీక్ష పెట్టి, ఎవరు ఎంత లోతుకి వెళ్ళవచ్చో చేతికి రంగు బ్యాండు కట్టి చెప్తారు. విజిల్ ఊదగానే ప్రతివాడూ తన జత పిల్లవాడి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. ఎత్తని చెయ్యి ఉంటే అందరి ప్రాణాలూ పైకి వస్తాయి. రాత్రి పడుకోబోయే ముందు టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులు పట్టాయేమోనని పిల్లలు చెవుల వెనకా మోకాళ్ళ కిందా చూసుకోవాలి. అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. లైట్లు ఆర్పాక ఎవడో ఒకడు అమ్మ కావాలని ఏడుపు మొదలుపెడతాడు, వాణ్ణి చూసి ఇంకొకడు.

మధ్యాహ్నం పిల్లలు కొండెక్కడానికి వెళ్ళినప్పుడు నన్ను వంటింట్లో వేసేవాళ్ళు. అక్కడ ఎనభైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ రాజ్యం. బంగాళాదుంపలు చెక్కుతుంటే మీది ఏ ఊరని అడిగింది. ఎవరడిగినా హైదరాబాద్ అనే చెప్తాను. ఆవిడకి ఎందుకో ఒంగోలు అన్నాను. చేతిలో కత్తి పక్కన పెట్టేసింది. "ఒంగోలా? క్లౌ వెళ్ళిన ఊరు కదూ? అన్నీ రెండులే ఉన్న రోజు!" అంది.

నాకు నోట మాట రాలేదు. క్లౌ అంటే ఒకప్పుడు ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. మా ఆఫీసులో పక్క జిల్లావాళ్ళకి తెలియని సంగతి అది. చిన్నప్పుడు ఆవిడ సండే స్కూల్లో ఆ కథ చెప్పి, మిషన్ డబ్బాలో చిల్లర వేయించేవాళ్ళట. 1878 జులై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. క్లౌ దొర ఒక్కడే అంతమందిని ముంచాడని ఆవిడ ఇన్నేళ్ళూ అనుకుంటోంది. ఆయన కాదు, ఆరుగురు తెలుగు పాస్టర్లు వంతులవారీగా ఇద్దరిద్దరు నీళ్ళలోకి దిగి ఇచ్చారని చెప్పాను. నాన్న చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చిన కథ. అంతకుముందు పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు.

"వాళ్ళెవరు మరి?" అంది. ఆవిడ విన్న కథలో వాళ్ళు ఉత్త తెలుగువాళ్ళు.

అప్పుడు చెప్పాను. ఎక్కువమంది మాదిగలని, తోలుపని చేసేవాళ్ళని, ఊరికి దూరంగా ఉంచిన మనుషులని. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి వాళ్ళకి సువార్త చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్య కూడా మాదిగేనని, తోళ్ళ వ్యాపారం చేసేవాడని. నేనూ వాళ్ళ మనిషినేనని. ఈ దేశంలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

జాలిపడుతుందేమో అని బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇప్పుడు మీ చర్చిలో అందరూ కలిసి కూర్చుంటారా?" అని అడిగింది. మా చర్చి మా పల్లెలోనే ఉందని, ఊళ్ళోవాళ్ళు రారు కాబట్టి కలిసి కూర్చునే అవసరమే రాలేదని చెప్పాను. "మా చర్చిలూ చాలాకాలం అలాగే ఉన్నాయి, నల్లవాళ్ళవి వేరు, తెల్లవాళ్ళవి వేరు. ఇప్పటికీ కొన్ని అలాగే ఉన్నాయి" అంది. తర్వాత మిగిలిన దుంపలు నా ముందుకి తోసింది. తెలిశాక కూడా ఆవిడకి నాతో పనే ఉంది. నాకు నచ్చింది అదే.

ఆ వారం పిల్లలకి చెప్పే పాఠం యోహాను సువార్త 4వ అధ్యాయం, బావి దగ్గర సమరయ స్త్రీ. యూదులు సమరయులతో ఎందుకు కలిసేవారు కాదో బోర్డు మీద మ్యాపు గీసి మరీ వివరించారు. నాకు మ్యాపు అక్కర్లేకపోయింది. మా నానమ్మ ఊరి బావి దగ్గర బిందె పెట్టుకుని, ఎవరైనా పైనుంచి నీళ్ళు పోసేదాకా నిలబడేది. ఈ అధ్యాయం నేను చిన్నప్పటినుంచీ వింటున్నదే. మరుసటి ఉదయం అందరినీ తలా ఒక చోట మౌనంగా కూర్చోమన్నప్పుడు ఫోన్లో తెలుగు బైబిలు తెరిచి, దాహానికిమ్మని యూదుడైన యేసే ఆమెని ముందు అడిగాడన్న చోట ఆగిపోయాను. ఆమె చేతి నీళ్ళు తాగడానికి సిద్ధపడ్డాడు. మా నాన్న ఎమ్మార్వో ఆఫీసులో పోగొట్టుకున్నది దేనికోసమో అప్పుడు అర్థమైంది. నాన్న దేవుడు నాకూ దేవుడయ్యాడని చెప్పాలంటే ఆ ఉదయం గురించే చెప్పాలి.

చివరి రాత్రి మంట చుట్టూ కూర్చుని కౌన్సెలర్లు తమ సాక్ష్యం చెప్పాలి. బావి సంగతి చెప్పాను. ఒక పిల్లవాడు "ఆ రూలు ఎవరు పెట్టారు?" అన్నాడు. చాలా పాత రూలు అన్నాను. "అయితే ఎవరూ మార్చలేదా?" అన్నాడు. చట్టం మార్చిందని, మనుషులు నెమ్మదిగా మారుతున్నారని ఏదో సర్దిచెప్పబోయాను. ఇంకొకడికి అదంతా పట్టలేదు, గుండ్లకమ్మలో మొసళ్ళుంటాయా అని వాడి గొడవ.

సోమవారం ఆఫీసులో మా టీంలో ఉన్న గుంటూరాయన, సెలవుల్లో ఎటు వెళ్ళారండీ అని అడిగారు. చర్చి క్యాంపుకి అన్నాను. "ఓ, మీరు క్రిస్టియన్లా! ఏ క్రిస్టియన్లండీ?" "ఒంగోలు బాప్టిస్టులమండి. మాదిగలం" అన్నాను. ఆయన కాఫీ కప్పు చేతులు మార్చుకుని, "అలాగా" అన్నారు. కాస్త ఆగి, అక్కడ పిల్లలకి ఈత బాగా నేర్పుతారా, ఫీజెంత, మా వాడికి తొమ్మిదేళ్ళు అన్నారు. వివరాలన్నీ చెప్పి లింకు పంపించాను.