"ఏ విచారణ మీది?"

పెళ్లి కార్డు మీద ఫాదర్ గారి పేరు కింద "విచారణ గురువులు" అని ఉండటం చూసి ఆఫీసులో ఒకాయన "ఏం కేసండీ, విచారణ దాకా వెళ్లింది?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ ఆయన తప్పేం లేదు, పేపర్లో విచారణ అంటే సీబీఐ, లేకపోతే కోర్టు.

మా క్యాథలిక్కులకి మాత్రం విచారణ అంటే పారిష్. ఒక గురువుకి అప్పగించిన ఊళ్లు, వాడలు, అక్కడి విశ్వాసులు అంతా కలిపి ఒక విచారణ, అలాంటివి కొన్ని కలిస్తే బిషప్ గారి మేత్రాసనం. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు దాదాపు ఇలాంటిదాన్నే పాస్టరేట్ అంటారు. బాప్టిస్టులకైతే సంఘం, సంఘకాపరి, అంతే.

నాకు విచారణే ఇష్టం. "మా మంచిచెడ్డలు విచారించే దిక్కు లేదు" అంటామే, ఆ విచారించడమే ఇది. 1983 నాటి క్యాథలిక్ ధర్మశాస్త్రం కూడా విచారణ గురువు ఇళ్లకు వెళ్లి పలకరించాలని, జబ్బుపడ్డవాళ్లని, ముఖ్యంగా చావుకు దగ్గరైనవాళ్లని చూసుకోవాలని చెబుతుంది. బోలెడు ఊళ్లున్న విచారణలో ఒక్క ఫాదర్ గారు ఎన్ని గడపలు తొక్కగలరు చెప్పండి, చాలా చోట్ల ఆ పని చేసేది ఫాదర్ గారికి సాయంగా మతబోధ చేసే ఉపదేశే, పాపం ఆయన పేరు ఏ కార్డు మీదా వేయరు.

ఈ మాటతో అసలు పని పడేది పెళ్లి కుదిరాక. హైదరాబాద్‌లో ఎన్నేళ్లుగా ఉంటున్నా సరే, జ్ఞానస్నానం (బాప్తిస్మం) జరిగిన విచారణ నుంచి కొత్తగా రాయించిన పత్రం తెమ్మంటారు. ఇంట్లో లామినేషన్ చేయించి బీరువాలో దాచిన పాతది పనికిరాదు, ఎందుకంటే చర్చిలో పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నానం రాసిన రిజిస్టర్లోనే ఆ పేరు దగ్గర ఎక్కిస్తారు, కాబట్టి కొత్త పత్రంలో పెళ్లి వివరాల చోటు ఖాళీగా ఉంటే ఆ రిజిస్టర్లో ఇంతవరకు పెళ్లి నమోదు కాలేదన్నమాట. కంప్యూటర్ లేకుండానే ఎంత పకడ్బందీ ఏర్పాటో!

ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఊరి పేరు చెబితే సరిపోదు. మీ ఊళ్లో చర్చి ఉన్నా అది సబ్‌స్టేషన్, అంటే వేరే ఊళ్లోని విచారణ కింద ఉండే చిన్న గుడి అయ్యుండొచ్చు, రిజిస్టర్లు ఉండేది విచారణ కేంద్రంలో. పైగా విచారణలు పెద్దవైతే విడదీస్తారు కూడా. మీరు పుట్టినప్పుడు మీ ఊరు ఏ విచారణ కింద ఉండేదో అమ్మనో మేనత్తనో ముందే అడగండి, అలాగే జ్ఞానస్నానంలో పెట్టిన పేరు చెప్పండి, బుజ్జి, చిన్ని అంటే రిజిస్టర్లో దొరకదు.