డికాక్షన్ దిగేలోపు

ఈ రోజు మంగళవారం. ఉదయం అయిదుంబావుకు లేచి, ఫిల్టరులో కాఫీ పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, వంటింట్లోని చిన్న బల్ల ముందు పుస్తకం తెరిచాను. డికాక్షన్ చుక్కచుక్కగా దిగడానికి పట్టే ఆ పావుగంట, ఇరవై నిమిషాలే నా చదువుకు కేటాయించుకున్న సమయం. ప్రభుత్వోద్యోగులు రాసే శాఖాపరమైన అకౌంట్స్ పరీక్ష కోసం ఇలా చదవడం మొదలుపెట్టి నేటికి 52 రోజులయింది. గోడ క్యాలెండరులో తిథి పక్కన పెన్సిలుతో పెట్టుకున్న టిక్కులు మాత్రం 49. ఖాళీగా ఉన్న మూడు గడులు గుంటూరులో పిన్ని కూతురి పెళ్లికి వెళ్లిన రోజులవి.

జనవరి 1న నేను వేసుకున్న పట్టిక వేరు. నాలుగింటికి లేవడం, నడక, యోగా, గంటసేపు చదువు, రాత్రి మళ్లీ గంటసేపు పునశ్చరణ అని నిండుగా రాసి అలమారా తలుపుకు అంటించాను. సంక్రాంతి పనులు మొదలయ్యేసరికి అందులో ఒక్కటీ నిలవలేదు. అప్పట్లో నాకు పట్టుదల చాలదేమోనని ఎంతో బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే లోపం పట్టుదలలో లేదనిపిస్తుంది. ఆ పట్టికలోని ఏ పనికీ అప్పటికే నా దినచర్యలో పాతుకుపోయిన మరో పని ఆసరాగా లేదు. కాఫీ కలపకుండా మా ఇంట్లో తెల్లవారదు కాబట్టి, దాన్ని ఆనుకున్న చదువు కూడా నిలబడింది. ఫోను పడకగదిలో ఛార్జింగుకే వదిలి రావడం దీనికి తోడైన మరో చిన్న ఏర్పాటు. అది చేతికందే దూరంలో ఉన్న రోజున ఒక్క పేజీ కూడా సరిగా సాగదు.

కొత్త అలవాటుకు 21 రోజులు చాలునని అందరూ అంటుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలపాటు గమనించి చేసిన అధ్యయనంలో, ఒక పని ప్రయత్నం లేకుండా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని కూడా లెక్క వేశారు. నాకు ఆ సగటు కన్నా ఎక్కువ ధైర్యమిచ్చింది అందులోని మరో విషయం: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదురుకునే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. నాకు తప్పినవి వరసగా మూడు రోజులు అయినా, పెళ్లి నుంచి తిరిగొచ్చిన మర్నాడు మొదటినుంచి లెక్కపెట్టుకోవాలన్న ఆలోచనను పక్కనబెట్టి, ఆగిన పేజీ నుంచే చదివాను.

మధ్యాహ్నం ఆఫీసులో మా అటెండరుగారు తన సర్వీసు రిజిస్టరు చూపించి, "అమ్మా, కామెర్లు వచ్చినప్పుడు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి పది రోజులేగా సెలవు వాడుకున్నాను, ఇరవై ఎందుకు తగ్గించారు?" అని అడిగారు. రెండు నెలల కిందటైతే సూపరింటెండెంటుగారి దగ్గరికి పంపేదాన్ని. అర్ధవేతన సెలవును పూర్తి జీతంతో వాడుకుంటే దాన్ని కమ్యూటెడ్ సెలవు అంటారనీ, వాడుకున్న ప్రతి రోజుకూ అర్ధవేతన సెలవు ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయనీ, ఆర్జిత సెలవు జోలికి ఎవరూ వెళ్లలేదు గనక అది అలాగే ఉందనీ ఈసారి నేనే వివరించగలిగాను. "అయితే నాకు నష్టమేమీ జరగలేదన్నమాట" అంటూ ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పరీక్ష గట్టెక్కడానికే చదువుతున్నాననుకున్న సంగతి, ఎదుటి మనిషి దిగులు తీర్చడానికి పనికిరావడం ఈ రోజు నాకు కలిగిన గొప్ప సంతోషం.

సాయంత్రం బస్సులో నాన్న గుర్తుకొచ్చారు. తెనాలిలో కిరాణా కొట్టు నడిపిన ముప్పై ఏళ్లూ, కొట్టు కట్టేసి ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కున్న వెంటనే చిట్టా రాయనిదే ఆయన కంచం ముందు కూర్చునేవారు కాదు. జ్వరంతో ఉన్న రోజున కూడా, కొట్టు తీయలేదన్న ఒక్క ముక్కైనా ఆ తేదీ కింద రాసేవారు. అది క్రమశిక్షణ అని ఆయన ఎన్నడూ అనలేదు. చిట్టా రాయకపోతే అన్నం సయించదని మాత్రమే అనేవారు. అమ్మ కూడా ఆ పుస్తకం మూసిన చప్పుడు విన్నాకే అన్నం వడ్డించేది. నా చదువు ఇంకా ఆ స్థితికి రాలేదు. ఈ ఉదయం కూడా పుస్తకం తెరవడానికి ముందు క్షణకాలం మనసును బుజ్జగించుకోవలసి వచ్చింది, కానీ మొదటి వారంలో ఆ బుజ్జగింపే పది నిమిషాలు పట్టేది.

రాత్రి గిన్నెలు సర్దాక ఫిల్టరును కడిగి బోర్లించి, దాని పక్కనే పుస్తకాన్ని పెన్సిలు గుర్తుతో పెట్టాను. సెలవుల అధ్యాయం పూర్తయింది. రేపటి పేజీ ప్రయాణ భత్యం నుంచి మొదలవుతుంది.