యలహంక తోటలో కొమ్మ కొట్టడం నేర్చుకున్నాం

బెంగళూరులో ఏ కాలంలో దిగినా రోడ్డు పక్కన ఏదో ఒక చెట్టు పూసి కనిపిస్తుంది. సంక్రాంతి వెళ్లగానే గులాబి రంగు టబెబూయా, దాని వెనకే జకరండా, ఎండలు ముదిరాక తురాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ క్రుంబిగెల్, ఒక జాతి పూత ముగిసేలోగా మరొకటి అందుకునేలా వీధి చెట్లను ఎంపిక చేయించారు. ఆ అందం నాకు ఎప్పుడూ ఇష్టమే. కానీ అంత పెద్ద ఊళ్లో అన్ని చెట్ల కింద నడిచినా, నోట్లో వేసుకోవడానికి కాయ దొరికేది ఎక్కడో ఒక నేరేడు కిందే. యలహంక అవతల ఒక లేఔట్‌లో అక్కడి నివాసులే కలిసి ఫుడ్ ఫారెస్ట్, అంటే అడవిలా అంచెలంచెలుగా పెరిగే తిండి తోట, పెంచుతున్నారని మా పెద్దమ్మ కూతురు చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. చూసి రావడం కాదు, వాళ్లతో కలిసి ఒళ్లు వంచి పని చేయాలనుకున్నాను.

హిందూపురం నుంచి యలహంకకు రైలు ప్రయాణమే సుఖం. గౌరీబిదనూరు దాటాక మాకళిదుర్గం కొండలు వస్తాయి. సెప్టెంబరు కావడంతో బండల సందుల్లో కూడా పచ్చిక లేచింది. దొడ్డబళ్లాపురం దగ్గర పడేకొద్దీ రాగి చేలు. పాత పద్ధతిలో సాగు చేసేవారి చేలల్లో, కొన్ని సాళ్ల రాగికి ఒక సాలు చొప్పున అనప, కంది ఇంకా కనిపిస్తాయి. ఒక పంట పోయినా మరొకటి ఇంటికొస్తుందన్న ధైర్యం ఆ సాళ్లలో ఉంది. కిటికీలోంచి వాటిని చూస్తుంటే, నేను నేర్చుకోబోయేది మరీ కొత్త సంగతేమీ కాదనిపించింది.

అక్కా బావా ఉండే ఇంటికి రెండు వీధుల అవతలే తోట. పార్కు కోసం వదిలిన అర ఎకరం జాగా అది. ఇళ్లు కట్టేటప్పుడు అందరూ అక్కడే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పారబోశారు. మొదటి వానాకాలం మొత్తం వాటిని ఏరడానికే సరిపోయిందట. తర్వాత వాలుకు అడ్డంగా ఇంకుడు కందకాలు తవ్వారు. నవధాన్యాలు చల్లి, పూతకు రాగానే కోసి నేల మీదే పరిచారు. అంతవరకూ ఒక్క పండ్ల మొక్క కూడా నాటలేదు. రెండో ఏడాది కంది, అవిశె, గిరిపుష్పం (గ్లైరిసీడియా), ఆముదం వేశారు. అవి నీడపట్టు ఇచ్చాకే పనస, నిమ్మ, జామ, సీతాఫలం, ఉసిరి, బట్టర్ ఫ్రూట్ (అవకాడో) వచ్చాయి. వాటి కింద కరివేపాకు, మునగ, కింది వరుసలో పసుపు, అల్లం, చేమ, నేల మీద పొన్నగంటి, చిలగడదుంప తీగ. కంచె పొడవునా దొండ, బచ్చలి, బెంగళూరు వంకాయ పాకించారు.

ఇంగ్లండులో రాబర్ట్ హార్ట్ తన చిన్న పెరట్లో ఏడు అంచెల తోట పెంచి ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చారు. ఆయనకు స్ఫూర్తినిచ్చిన వాటిలో మన కేరళ ఇంటి తోటలూ ఉన్నాయి. సుభాష్ పాలేకర్ చెప్పే ఐదంచెల పద్ధతి తెలుగు రైతులకు బాగా పరిచయం. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు పెంచిన పొలాన్ని చూడడానికి 2017 అంతర్జాతీయ పర్మాకల్చర్ (ప్రకృతి తీరును అనుసరించే శాశ్వత సాగు) సమావేశాల సమయంలో దేశదేశాల వాళ్లు వచ్చారు. కాబట్టి అంచెల లెక్క పుస్తకాల్లో దొరుకుతుంది, వీడియోల్లో దొరుకుతుంది. నాకు యలహంకలో దొరికింది వేరే విద్య.

ఆదివారం పొద్దున్నే తోటలో జనం పోగయ్యారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, అక్క లాంటి గృహిణులు, ఎదురు అపార్ట్‌మెంటు కాపలాదారు భార్య. వాళ్లకు పెద్ద దిక్కు ఒక తాత. హోసకోట వైపు మనిషి, చిన్నప్పటి నుంచి ద్రాక్ష తోటల్లో, నర్సరీల్లో పని చేశారు. ఇంట్లో తెలుగు, బయట కన్నడ, అవసరమైతే తమిళం. ఆ రోజు పని గిరిపుష్పం, అవిశె కొమ్మలు కొట్టడం.

తాత అందరి చేతికీ మచ్చుకత్తులు ఇవ్వలేదు. ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి రమ్మన్నారు. "ఎండ ఎటు నుంచి వస్తోంది, కింద దానికోసం ఎవరు మొహం వాచి ఉన్నారు, అది చూడండి. కత్తి తర్వాత" అన్నారు. చూశాం. నిండుగా పెరిగిన రెండు గిరిపుష్పం చెట్ల నడుమ నిమ్మ మొక్క ఒకటి, వెలుతురు కోసం ఒక పక్కకే వాలి, ఆకు పలచబడి ఉంది. దాని పక్కన పసుపు మాత్రం ఆ నీడలో హాయిగా ఉంది. కాబట్టి నిమ్మ వైపు కొమ్మలు తీయాలి, పసుపు వైపువి సగం ఉంచాలి. ఒకే చెట్టుకు రెండు వైపులా రెండు లెక్కలు.

కొమ్మను పైనుంచి ఒక్క దెబ్బకు కొడితే బరువుకు విరిగి కింది బెరడు చీరుకుపోతుంది. అందుకని తాత ముందు అడుగు వైపు చిన్న గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి ఏటవాలుగా కొట్టారు. వాన నీరు నిలవకుండా జారిపోవాలి. మానును ఛాతీ ఎత్తులో ఉంచారు, మళ్లీ చిగుళ్లు అక్కడి నుంచే గుంపుగా వస్తాయి. కొట్టిన కొమ్మలోంచి లావు పుల్లలు వేరు చేసి నేలకు ఆనించి, వాటి మీద ఆకు పరిపించారు. నిమ్మ మొదలు చుట్టూ మాత్రం జానెడు మేర ఖాళీ. ఆకు మానుకు తగిలి తడి నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కత్తి పట్టుకుని నిలబడిపోయింది. "పచ్చని చెట్టు తాతా, మనసొప్పడం లేదు" అంది.

"దీన్ని నాటిందే కొట్టడానికమ్మా. కొట్టకపోతే నిమ్మ పోతుంది, అప్పుడు ఆ పాపం ఎవరిది?" అన్నారాయన. తర్వాత మా ఇద్దరినీ కూర్చోబెట్టి, పోయిన విడతలో పరిచిన ఆకును చేత్తో ఎత్తి చూపించారు. పైపొర ఎండి గలగలమంటోంది. రెండో పొరలో ఆకులు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా ఉన్నాయి. ఆ అడుగున తెల్లటి బూజు దారాలు పుల్లలను పట్టుకుని అల్లుకున్నాయి. ఇంకా అడుగున వానపాములు వదిలిన మట్టి గుళికలు. వాసన చూడమన్నారు. తొలకరి వాసన. తవ్వితే ఇంకా ఇటుక ముక్క తగిలే నేల అది.

గిరిపుష్పం, అవిశె, కంది పప్పు జాతివి. వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. కొమ్మ కొట్టినప్పుడు కింద సన్నటి వేళ్లు కూడా కొన్ని చచ్చి ఆ సారం నేలకు చేరుతుంది. గిరిపుష్పం ఆకు మెత్తన, వానల్లో కొద్ది వారాలకే మట్టిలో కలుస్తుంది. అలా ఒక్క కొమ్మ తీస్తే నిమ్మకు ఎండ, నేలకు ఎరువు, మట్టికి దుప్పటి. ఇది వానాకాలంలో చేయాల్సిన పని. ఎండాకాలంలో కొడితే నీడ పోయి కింద మొక్కలు మాడతాయి, చెట్టు కూడా త్వరగా తేరుకోదు.

ఆ అమ్మాయి చివరికి కొట్టింది. మరో గంటకు తనే ఒక పెద్దాయనకు కింది గాటు ఎలా పెట్టాలో చూపిస్తోంది. వాళ్ల ఏర్పాటే అంత: పోయిన నెల నేర్చుకున్నవారు ఈ నెల నేర్పాలి. తాత పక్కన నిలబడి, అవసరమైతేనే నోరు విప్పుతారు. తన తర్వాత కూడా తోట నడవాలని ఆయన పట్టుదల.

మొక్కలు నాటే కార్యక్రమాలు మన దగ్గర కొల్లలు. గుంత, మొక్క, నీళ్లు, ఫొటో. నాటడానికి ఎవరి మనసూ వెనకాడదు, కొట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. దాంతో రెండేళ్లకు మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి, కాపు లేని గుబురు తయారవుతుంది. చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెట్టే మియావాకీ పద్ధతి దట్టమైన స్థానిక అడవి కావాలనుకునేవారికి మంచిదే. తిండి కావాలంటే కాపుకు వెలుతురు కావాలి, వెలుతురు కావాలంటే ఏటేటా కత్తి పట్టాలి. తిండి తోటకు మియావాకీ పద్ధతి వద్దని నా గట్టి అభిప్రాయం.

నీళ్ల సంగతి బావ చెప్పారు. బెంగళూరులో ఏడాదికి దాదాపు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో సెప్టెంబరు, అక్టోబరులదే పెద్ద వాటా. అయినా 2024 వేసవిలో ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. తాగే నీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అప్పుడు ఈ తోటను కాపాడింది పక్క అపార్ట్‌మెంటులో శుద్ధి చేసిన వాడుక నీరు, నేల మీది ఆకు దుప్పటి. ఆ నీరు ముందుగా అరటి వలయాల్లోకి వెళ్తుంది. రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంత తవ్వి, కొమ్మలు, ఎండుటాకులు, వంటింటి చెత్త నింపి, గట్టు మీద అరటి, బొప్పాయి, చేమ పెట్టారు. వీధులు ఊడ్చే పౌరకార్మికులు ఎండుటాకుల సంచులు తెచ్చి అక్కడే దింపుతారు. మొదటి బొప్పాయి కాపు వాళ్లకే ఇచ్చారని విని సంతోషమేసింది.

పండ్లు ఎవరివి? అడగకుండా ఉండలేకపోయాను. అమెరికాలో సియాటిల్ నగరంలో 2012లో పనులు మొదలైన ఏడెకరాల బీకన్ ఫుడ్ ఫారెస్ట్‌లో దారిన పోయేవారెవరైనా కోసుకోవచ్చు. ఇక్కడ అదే మాట మీద మొదలుపెడితే, ఎవరో కరివేపాకు చెట్టును మొదలంటా విరిచి పట్టుకెళ్లారట. పెద్ద గొడవైంది. గేటుకు తాళం వేద్దామన్నవారూ ఉన్నారు. అక్క ఒప్పుకోలేదు. తాళం బదులు ప్రతి ఆదివారం కోయడం కూడా నేర్పుతామంది. ఆకుకూర వేరుతో లాగకూడదు, రెండు కణుపులు ఉంచి కొస తుంచాలి. మునగ కొమ్మ చివర తుంచుతూ ఉంటేనే పక్క కొమ్మలేసి అందే ఎత్తులో ఉంటుంది. కరివేపాకు రెమ్మలుగా విరవాలి. ఇప్పుడు ఆకుకూర ఎవరైనా కోసుకోవచ్చు, గెల, పనస మాత్రం అందరూ ఉన్నప్పుడే దించుతారు. ఈ ఏర్పాటుతో అందరూ ఒప్పుకున్నారని చెప్పను. పాములొస్తాయి, గడ్డి మైదానం చేస్తే పిల్లలు ఆడుకుంటారని అడిగేవారు ఇంకా ఉన్నారు. వారి భయంలో నిజముంది. అందుకే దారికి ఇరువైపులా పొదలు పెరగనివ్వడం లేదు, చీకటి పడ్డాక లోపలికి ఎవరూ వెళ్లరు.

మధ్యాహ్నం తోటలోనే భోజనం. పొన్నగంటి, బచ్చలి, మునగాకు, తోటకూర కందిపప్పుతో ఉడికించి మెదిపిన సారు, రాగి ముద్ద, చేమదుంపల వేపుడు. ఆకులు ఏరింది కాపలాదారు భార్య. కలుపు అనుకుని పీకి పారేయబోయిన దాంట్లోంచి గలిజేరు, గంగవాయిలి కూర విడదీసి పెట్టింది. సారుకు ఆ పుల్లదనం వచ్చింది గంగవాయిలి వల్లనే. చుట్టూ చేరిన చదువుకున్న ఆడవాళ్లు ఫోన్లు తీసి, ఆమె ఒక్కో ఆకు గురించి చెబుతుంటే రికార్డు చేసుకున్నారు. ఆమె ఊరు మడకశిర దగ్గర. ఇంత తెలిసిన మనిషిని ఆ అపార్ట్‌మెంటులో అంతవరకూ ఎవరూ ఒక్క మాట అడగలేదట.

మరునాడు లాల్‌బాగ్ చూశాను. 1760లో హైదరాలీ వేయించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. చెట్లు మహావృక్షాలు, చూపు తిప్పుకోలేం. కానీ నా కళ్లు ఏ మానుకు గాటు ఎక్కడ పడింది, అది ఎలా మానింది అని వెతకడం మొదలుపెట్టాయి. ఎక్కువసేపు ఉండలేదు, రైలుకు టైమైంది.

మా హిందూపురంలో గుడి వెనక ఖాళీ జాగా ఉంది. దేవస్థానం పెద్దలు సరేనన్నారు. బెంగళూరు తోటను అక్కడ దింపితే బతకదు. పాత అనంతపురం జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. బట్టర్ ఫ్రూట్ మాటే వద్దు, పనస మూడో ఏడాది తర్వాత ఆలోచిస్తాం. సీతాఫలం, రేగు, ఉసిరి, చింత, మునగ మాకు చాలు. ముందు కందకాలు, తొలకరికి నవధాన్యాలు, ఆ వెంటే కంది, అవిశె. తాత ఇచ్చిన గిరిపుష్పం కొమ్మలు తడి గోనెలో చుట్టి తెచ్చాను. అవి కొద్దే. బొటనవేలంత లావున్న, మూరకు పైగా పొడవున్న ముదురు కొమ్మలు ఇవ్వగలిగినవారు హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు ఎవరున్నా చెప్పండి, మేమే వచ్చి కొట్టుకుంటాం. కింది గాటు పెట్టే కొడతాం, మీ చెట్టు బెరడు చీలదు.