హార్మోనియం మళ్ళీ లోపలికి వచ్చింది

మూడు వారాలుగా వరండాలో మూలన పడి ఉన్న హార్మోనియం ఈరోజు తరగతిలోకి వచ్చింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను.

మాది కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఉన్న ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. సంగీతానికి విడిగా పీరియడ్ కుదరదు కాబట్టి రోజువారీ పనుల్లోనే కలిపేశాను. హాజరు తేలిగ్గా కుదిరింది, నేను పేరు పాడితే అదే వరసలో "వచ్చానండీ" అని జవాబు. భోజనానికి ముందు చేతులు కడిగేటప్పుడు సంగీతంలో తొలి పాఠమైన మొదటి సరళీ స్వరం, అంటే స రి గ మ ప ద ని స పైకి, మళ్ళీ కిందికి. ఆరోహణ, అవరోహణ కలిపి 16 అక్షరాలు, నెమ్మదిగా పాడితే 20 సెకన్లు, అప్పటికి చేతులు శుభ్రం. ఒక్క జాగ్రత్త: మీ గొంతుకు హాయిగా ఉన్న శ్రుతి పట్టుకోకండి. ఎవరో ఒక పాపను పాడమని, ఆ పాప ఎత్తుకున్న చోటే షడ్జం, అంటే "స", పెట్టుకోండి.

అసలు కష్టం ఎక్కాల దగ్గర వచ్చింది. మూడో ఎక్కానికి మూడక్షరాల తకిట, నాలుగుకు నాలుగక్షరాల తకధిమి, ఐదుకు తకతకిట, ఏడుకు తకిట తకధిమి అని చప్పట్లతో చెప్పిస్తున్నాను. సరిగ్గా ఏడో ఎక్కం మధ్యలో తనిఖీకి ఒక అధికారి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి "ఇది బడా, భజన మందిరమా మాస్టారూ?" అన్నారు. మూడో తరగతి పాపను లేపి "ఏడెనిమిదులెంత?" అని అడిగారు. పాప తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ లోపల్లోపల చెప్పుకుని, కాస్త ఆలస్యంగా 56 అంది. సరైన జవాబే కదా! ఆయన మాత్రం "ఎక్కం రాదు, తాళం వచ్చు" అని అందరి ముందూ అనేసి, విజిట్ బుక్కులో అదే రాసి, హార్మోనియం బయట పెట్టించారు. నన్ను అన్నందుకు కాదు, ఆ పాప తలదించుకుని కూర్చున్నందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి హాజరుకు కూడా పాడలేదు, పిల్లలు చెయ్యి ఎత్తడమే.

బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టిన శంకరగుప్తం ఈ కోనసీమలోనే ఉంది. నాట్లు వేసే ఆడవాళ్ళు పాట లేకుండా చేలో దిగని నేల ఇది. ఇక్కడ బడిలో పిల్లలు పాడితే తప్పెలా అవుతుంది?

టీచర్లకు నేను చెప్పేది ఒకటే, వాదనకు దిగకండి. 2020 జాతీయ విద్యా విధానంలో కళలతో కలిపి పాఠం చెప్పాలని రాసి ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి పాఠ ప్రణాళికకు అంటించండి. నేను అదే చేశాను, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో అందరి ముందూ చదివి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు.

ఈరోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర నేను మొదలుపెట్టకముందే ఆ పాప సబ్బు చేతులతో "స రి గ మ" ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. అప్పుడే వెళ్ళి హార్మోనియం లోపల పెట్టాను.