భీమిలి దారిలో బాటిల్ హోల్డర్

విశాఖ ఎంవీపీ కాలనీలో మా బాబాయి ఇంటికెళ్లిన ప్రతిసారీ భీమిలి దాకా సైకిల్ తొక్కాలనుకోవడం, చివరికి కారెక్కడం మామూలే. ఈసారి తమ్ముడి పాత సైకిల్ మెట్ల కింద నుంచి బయటికి తీయించాను. గాలి కొట్టించాక చూస్తే బాటిల్ హోల్డర్ బిగించే బోల్టు రంధ్రాలే లేవు! విజయవాడలో నా సైకిల్‌కి రాడ్డు మీద 64 మిల్లీమీటర్ల ఎడంతో రెండుంటాయి. అలెన్ కీ తిప్పితే రెండు నిమిషాల పని. ఇక్కడ షాపతను రంధ్రాలు లేని సైకిళ్లకి వేసే క్లాంపు చూపించి 450 అన్నాడు. నా బాటిలే 150. ఒళ్లు మండి ఉత్త హోల్డర్ కొనుక్కొచ్చి, ఇంట్లో వైర్లు కట్టగా మిగిలిన ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేశాను.

తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కేదాకా బాగానే ఉంది. దిగుడులో హోల్డర్ రాడ్డు చుట్టూ గిర్రున తిరిగింది, బాటిల్ రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. వెనక బస్సు హారన్. పైగా సరిగ్గా కత్తిరించని ట్యాగు కొసలు గీరుకుని కాలు మంట. ఎడమన కొండ, కుడిన సముద్రం, ఏదీ కంటికి ఆనలేదు.

సాగర్‌నగర్‌లో పంక్చర్లు వేసే పెద్దాయన చూసి నవ్వాడు. "ఏటి బాబూ, నున్నటి పెయింటు మీద ప్లాస్టిక్ కట్టేసినావు, జారిపోకేం చేస్తది?"

నన్ను హార్డ్‌వేర్ షాపుకి పంపి మోటారు పైపులకి వేసే స్టీలు క్లిప్పులు రెండు తెప్పించాడు. పాత ట్యూబు కోసి రాడ్డుకి గట్టిగా చుట్టాడు. దాని మీద హోల్డర్ ఆనించి పైనొకటి, కిందొకటి క్లిప్పులు బిగించాడు, స్క్రూ తలలు కాలికి తగలకుండా కిందివైపు తిప్పి. నేను ఇంకాస్త బిగించబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఆపెయ్ బాబూ, రాడ్డు సొట్టపడిపోద్ది. కదలకపోతే చాలు." పెడల్ తిప్పి ఎక్కడా తగలట్లేదని చూశాక, హోల్డర్ పట్టుకుని సైకిల్నే ఊపేశాడు. మా నాన్న సైకిల్ క్యారేజీకి ఉండే ట్యూబు పట్టీ గుర్తొచ్చింది. టిఫిన్ డబ్బా, బియ్యం సంచీ, ఒక్కోసారి నా స్కూలు బ్యాగూ అన్నీ దాని కిందే. పెద్దాయన చేతికూలి 20 తీసుకున్నాడు, ట్యూబుకి వద్దన్నాడు.

రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు వచ్చాయి, పోయాయి. నేను మాత్రం ప్రతి గుంతకీ కిందికే చూసుకున్నాను. భీమిలిలో కొబ్బరిబొండాం 60 అంటే వద్దని దర్జాగా బాటిల్ తీశాను. నీళ్లు కాఫీలా కాగిపోయి ఉన్నాయి.

రాత్రి బాబాయి అడిగాడు: "డచ్చివాళ్ల సమాధులు చూశావా? గోస్తనీ సముద్రంలో కలిసే చోటు?"

చెయ్యి పట్టుకుని సైకిల్ దగ్గరికి తీసుకెళ్లి క్లిప్పులు చూపించాను.