సదరం క్యాంపుకు ముందు కాగితాల వేట

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. చూసినవాళ్లెవరూ జబ్బు మనిషని అనుకోరు. పేరడిగితే చెబుతాడు, ఊరడిగితే చెబుతాడు. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరుగారు చూసేది కాసేపే. ఇన్నేళ్లుగా మా ఇల్లు పడుతున్న బాధ ఆ కాసేపట్లో ఎలా తెలుస్తుంది? కాగితాలే చెప్పాలి.

మానసిక జబ్బుకు వైకల్య శాతం కట్టేది ‘ఐడియాస్’ అనే కొలతతో. ఒంటి శుభ్రత, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని – ఒక్కోదానిలో ఇబ్బంది పెరిగేకొద్దీ 0 నుంచి 4 మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికీ వేరే మార్కులున్నాయి: రెండేళ్ల లోపయితే 1, పదేళ్లు దాటితే 4. మొత్తం 20లో కనీసం 7 వస్తేనే 40 శాతం. ఆంధ్రాలో నెలకు 6,000 పింఛను రావాలంటే ఆ 40 ఉండాల్సిందే.

మొదట్లో చేర్పించిన ప్రైవేటు ఆసుపత్రిలో ఫైలు అడిగితే పాతవి లేవన్నారు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. కానీ ఇన్‌పేషెంట్ల ఫైళ్లు దాచాల్సింది మూడేళ్లే. మమ్మల్ని ఆదుకున్నది అమ్మే. బీరువాలో చీరల కింద ఓపీ చీటీలన్నీ దాచింది. ఒకదాని మీద సిరా పూర్తిగా వెలిసిపోయింది, గుండ్రటి ముద్రలో సంవత్సరం మాత్రం కనబడుతోంది. మాకు కావలసిందీ అదే.

ఇంకో చిక్కు: ఈమధ్య చీటీలన్నిటిలో ‘నిలకడగా ఉన్నాడు’ అనే ఉంది. ఎవరూ లేకపోయినా చెవిలో వినబడే మాటలు మందులతో తగ్గాయి, నిజమే. కానీ అది చదివినవాళ్లు నయమైపోయిందనుకుంటారు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారికి ఈ మాటే చెప్పాను.

“స్నానం తనే చేస్తాడామ్మా?”

“చెబితేనే సార్. ఒక్కోసారి రెండ్రోజులు బతిమాలాలి.”

“కొట్టుకు పంపితే?”

“చిల్లర తీసుకోకుండానే వచ్చేస్తాడు. ఒక్కోసారి సరుకు కూడా అక్కడే వదిలేస్తాడు.”

ఆయన అవన్నీ ఓపిగ్గా రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసిచ్చారు. నా లెక్కలో మొత్తం ఫైలుకు ప్రాణం ఆ పేజీయే. జబ్బు పేరు ఏ చీటీలోనైనా ఉంటుంది. దానివల్ల మనిషి ఏ పని చేసుకోలేకపోతున్నాడో ఉండదు.

సచివాలయంలో స్లాటు తీసుకుని, చీటీలన్నీ సంవత్సరాల వారీగా పేర్చి తీసుకెళ్లాం. క్యాంపులో డాక్టరుగారు పాత చీటీ ముద్రనూ, ఆ పేజీనీ చూశాకే ప్రశ్నలు మొదలుపెట్టారు. 40 దాటింది. అయితే ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్, గడువు తీరాక మళ్లీ చూపించాలి. అందుకే ప్రతి నెలా ఓపీ చీటీ, మందుల బిల్లు ఫొటో తీసి ఫోనులో దాస్తున్నాను.